ఇన్సాఫ్‌ని రట్టా కొట్టించే చదువు

అడ్మినిస్ట్రేటివ్ లా మీద మన దేశంలో అచ్చయిన పెద్ద పాఠ్యపుస్తకం ఏది తెరిచినా, పక్షపాతం గురించి, సునవాయీ గురించి చెప్పే చోట ఒక తెలుగు పేరు తగులుతుంది. గుల్లపల్లి నాగేశ్వరరావు. ఢిల్లీ పిల్లలూ కలకత్తా పిల్లలూ నోరు తిరగక తిప్పలు పడుతూ ఆ పేరు నేర్చుకుంటారు. ఆ కేసు మన కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు నడుపుకున్న వాళ్లది. మన రోడ్ల మీద పుట్టిన కేసు. ఆ రోడ్ల పక్కనే ఉన్న కాలేజీల్లో లా చదువుతున్న మన పిల్లల్ని పట్టుకుని అడగండి, "బేటా, ఆ కేసులో ఏం జరిగింది?" అని. టకీమని జవాబొస్తుంది: "విన్నవాడే ఫైసలా చెయ్యాలి." అంతే. ఎవరు విన్నారు, ఎవరు సంతకం పెట్టారు, ఆ ఇద్దరూ వేరైతే ఎవరి నెత్తిన పడింది అని అడిగితే ఖామోషీ.

పిల్లల్ని అనడం లేదు. వాళ్లకి చెప్పే పద్ధతిని అంటున్నా, పరీక్ష పెట్టే పద్ధతిని అంటున్నా, ఆ మార్కులు చూసి మిఠాయి పంచే ఇళ్లని కూడా అంటున్నా. నా లెక్చరర్ దోస్తులు కొందరికి ఇది నచ్చదు. లిహాజు పక్కన పెట్టి చెప్తున్నా. మన దగ్గర అడ్మినిస్ట్రేటివ్ లా పేరుతో జరుగుతున్నది తాలీమ్ కాదు. తెలుగులో బట్టీ అంటారు, మన ఇళ్లలో రట్టా అంటాం.

ఈ సబ్జెక్టు గురించే ఎందుకింత గొడవ అనొచ్చు. మన గల్లీలో వంద ఇళ్లు లెక్కపెట్టండి. ఖూనీ కేసున్న ఇల్లు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. సచివాలయం మెట్లెక్కని ఇల్లు ఒక్కటి చూపించండి. రేషన్ కార్డు, పింఛను, బీసీ-ఇ సర్టిఫికెట్, షాపు లైసెన్సు, ఇంటి ప్లాను, పొలం పాసుపుస్తకం, పాస్‌పోర్టు. హుకూమత్ మనతో మాట్లాడేది ఈ కాగితాల్లోనే. ఆ కాగితం ఇచ్చేవాడికి ఎంత అధికారం ఉంది, ఎక్కడిదాకా ఉంది, ఇవ్వనంటే వజహ్ చెప్పాలా వద్దా, చెప్పకపోతే మనం ఎవరి దగ్గరికి పోవాలి అన్నదే అడ్మినిస్ట్రేటివ్ లా. గరీబుకి రోజూ పనికొచ్చే కానూను ఏదంటే నేను ఫౌజ్దారీ అనను, దివానీ అనను, ఇదే అంటాను. లా పాసైనవాళ్లు ప్రాక్టీసు కోసం రాసే అఖిల భారత బార్ పరీక్షలో 100 ప్రశ్నలుంటే దీనికి దక్కేవి 3. కోచింగ్ వాళ్లు "ఇది వదిలేసినా పర్లేదు" అంటారు. వాళ్ల లెక్క వాళ్లకి కరెక్టే.

ముందు బస్సుల సంగతి పూర్తిగా చెప్తాను. ఎందుకంటే చెప్పడంలోనే తేడా ఉంది.

1956లో మోటారు వాహనాల చట్టంలో ఒక కొత్త అధ్యాయం చేర్చారు. ప్రభుత్వ రవాణా సంస్థ ఒక స్కీము రాసి, ఫలానా రూట్లలో ప్రైవేటు బస్సుల్ని తప్పించి తానే నడుపుతానని ప్రకటించొచ్చు. కానీ షరతుంది. ఆ రూట్ల మీద బతుకుతున్నవాళ్లు అభ్యంతరం చెప్తే ప్రభుత్వం విని, ఆ తర్వాతే ఆ స్కీమును ఖాయం చెయ్యాలి. 1958 జనవరిలో ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్ల మీద స్కీము వచ్చింది. బస్సులవాళ్లు అభ్యంతరాలు దాఖలు చేశారు. వాళ్లని పిలిచి విన్నది రవాణా చూసే శాఖ కార్యదర్శి. విన్నది రాసుకుని ఫైలు పైకి పంపారు. మంజూరు చేసింది ముఖ్యమంత్రి. అప్పట్లో ఆ పదవిలో ఉన్నది నీలం సంజీవరెడ్డి.

బస్సులవాళ్లు సుప్రీంకోర్టుకెళ్లారు. 1958 నవంబరులో తీర్పు వచ్చింది. రాసింది కోకా సుబ్బారావు. రాజమండ్రి మనిషి. ఆంధ్ర హైకోర్టు గుంటూరులో పెట్టినప్పుడు దానికి మొదటి చీఫ్ జస్టిస్ ఆయనే. అంటే కృష్ణకి అవతలి ఒడ్డున కూర్చుని మన మనుషుల్ని, మన దఫ్తర్లని చూసినవాడు. ఆయన పట్టుకున్న నుక్తాలు రెండు. ఒకటి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వినడమంటే అతని మాట తీరు చూడటం, అనుమానమొస్తే అడగడం, అతను జవాబు చెప్పడం. ఒకరు విని, ఇంకొకరు కాగితం చూసి ఫైసలా చేస్తే ఆ సునవాయీ తమాషా అయిపోతుంది. రెండు, స్కీముకి ఒక పక్షంగా ఉన్న శాఖ తాలూకు కార్యదర్శే ఆ స్కీము మీద ఫిర్యాదు వినడం. తన ముకద్దమాలో తనే ఖాజీ. ఫైసలా కొట్టేశారు.

ఇక్కడితో గైడు ఆగిపోతుంది. అసలు మజా తర్వాత ఉంది.

ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు. ఇది కోర్టు తరహా పని కాదు, ప్రభుత్వం తన పాలసీ ప్రకారం చేసుకునే పరిపాలనా పని అన్నారు. అది బేవకూఫీ మాటేం కాదు, దానికీ దలీల్ ఉంది. తర్వాత ఏమైంది? ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని విన్నారు, మళ్లీ మంజూరు చేశారు. బస్సులవాళ్లు మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లారు. 1959లో ఓడిపోయారు. కార్యదర్శి శాఖలో భాగం గానీ మంత్రి శాఖకి రాజకీయ పెద్ద మాత్రమే, ఇద్దరినీ ఒక గాటన కట్టలేం అని కోర్టు చెప్పింది. ఈ తేడా మీకు నమ్మేలా ఉందా? నాకైతే పూర్తిగా లేదు. శాఖ కార్యదర్శికి ఉన్న మొగ్గు ఆ శాఖని నడిపే మంత్రికి ఉండదా? కానీ ఇంకోవైపు చూడండి, మంత్రి కూడా వినకూడదంటే ఇంకెవరు వినాలి? చట్టం వినమన్నది ప్రభుత్వాన్నే కదా. ఈ చిక్కుముడి దగ్గర అరగంట కూర్చుంటే పిల్లలు ఒక సబ్జెక్టు మొత్తం నేర్చుకుంటారు.

ఇంకా ఉంది. 1964లో కర్నూలు జిల్లా బస్సుల కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. జాతీయం చేసే వరుస మార్చి కర్నూలు రూట్లని ముందుకి తోసింది రాజకీయ దుష్మనీతోనే అని బస్సులవాళ్ల ఇల్జామ్. ముఖ్యమంత్రి మళ్లీ సంజీవరెడ్డే. ఆ ఇల్జామ్‌ని కాదంటూ ఆయన స్వయంగా అఫిడవిట్ వెయ్యలేదు. కోర్టు దాన్ని పట్టుకుంది, బద్‌నీయతీతో చేసిన పనిగా చూసి కొట్టేసింది. ఆ ఫిబ్రవరిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. కాగితం మీద పెట్టే సంతకం వెనక నీయత్ ఏమిటని కోర్టు అడిగితే ఒక ముఖ్యమంత్రి కుర్చీ ఖాళీ అయింది. ఇదంతా మన రాష్ట్రం కథ. ఆరేళ్లలో మూడు కేసులు, అదే చట్టం, అవే బస్సులు, ఒకటే ముఖ్యమంత్రి, మూడు రకాల ఫలితాలు. అడ్మినిస్ట్రేటివ్ లా చెప్పడానికి అల్లా ఇంతకంటే మంచి సామాను ఏ రాష్ట్రానికీ ఇచ్చి ఉండడు. మనం దాన్ని మూడు ఒంటి వాక్యాల కింద కోసి గైడులో పెట్టాం.

ఇప్పుడు క్లాసులో జరిగేది చెప్తాను. నా పని విలేకరితనం, కోర్టు వార్తలూ కలెక్టరాఫీసు వార్తలూ రాసి రాసి నాకు జూనియర్ వకీళ్లు బాగా దోస్తులు. వాళ్ల నోట్సులు చూశాను. మొదటి యూనిట్ ఐవర్ జెన్నింగ్స్ నిర్వచనంతో మొదలవుతుంది. తర్వాత వేడ్ నిర్వచనం. తర్వాత డైసీ ఏమన్నాడు, ఫ్రాన్స్‌లో ఏముంది. పిల్లవాడికి ఒక్క ఆర్డరు కాపీ కూడా చూపించకుండా నాలుగు నిర్వచనాలు మింగిస్తారు. ఈత రానివాడికి నీళ్ల గురించి నలుగురు ఆలిములు ఏమన్నారో చెప్పినట్టు. తర్వాత పదిహేను మార్కుల ప్రశ్నలు. నా చేతికొచ్చిన పేపర్లలో అదే ఐదారు ప్రశ్నలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. సహజ న్యాయ సూత్రాలు వివరించుము. అప్పగించిన శాసనాధికారం గురించి వ్రాయుము. వివరించుము, వ్రాయుము. "ఈ కాగితం చదివి ఇందులో ఏం తప్పుందో చెప్పు" అనే ప్రశ్న ఒక్కటి కనబడలేదు.

దీని నతీజా ఏమిటో బుడమేరు వరద తర్వాత నా కళ్లతో చూశాను.

2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు నీళ్లెలా వచ్చాయో మీకు చెప్పక్కర్లేదు, చదివేవాళ్లలో చాలామంది ఆ నీళ్లలో నిలబడ్డవాళ్లే. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకి 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. ఇంటింటికీ వచ్చి రాసుకున్నారు. నాకు తెలిసిన ఒక ఖాలా పేరు లిస్టులో లేదు. అద్దెకున్న మనిషి, కింది పోర్షను, నడుముదాకా నీళ్లు. ఒక దఫ్తరుకెళ్తే ఇంకో దఫ్తరు చూపించారు. చివరికి ఎవరో కంప్యూటర్లో చూసి ఒక్క ముక్క చెప్పారు: అనర్హులు. ఎందుకు అనర్హులు? స్క్రీన్ మీద అంతే ఉందమ్మా.

పక్కింటి అబ్బాయి లా ఆఖరి సంవత్సరం. మంచి మార్కులు. ఖాలా అతన్ని అడిగింది. అతను ఆలోచించి, "హైకోర్టులో రిట్ వెయ్యాలి ఖాలా" అన్నాడు. ఆమె నవ్వింది. "నేలపాడుకి పోయి వకీలుని పెట్టుకునే పైసలుంటే ఈ పాతికవేల కోసం ఎందుకు తిరుగుతా బేటా?"

ఆ అబ్బాయికి సహజ న్యాయ సూత్రాల మీద ఆరు పేజీలు రాయడం వచ్చు. తన గుమ్మం ముందు అదే సూత్రం చెప్పుల్లేకుండా నిలబడితే గుర్తుపట్టలేదు. అతను అడగాల్సిన సవాళ్లు సాదాసీదావి. లిస్టు ఎవరు రాశారు, ఏ ఉత్తర్వు ప్రకారం రాశారు? ఆ ఉత్తర్వులో అద్దెకున్నవాళ్ల గురించి ఏముంది? 'అనర్హులు' అని తేల్చింది ఏ అధికారి? తేల్చే ముందు ఖాలాని ఒక్క మాట అడిగారా? ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాయించి, కారణం లిఖితంగా ఇమ్మని అడిగి, రసీదు తీసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద ఆ ఇంటి లెక్క కాగితం నకలు అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఖాలాకి తెల్లకార్డుంది కాబట్టి ఫీజు కూడా లేదు. జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు. ఇవన్నీ అయ్యాక హైకోర్టు. అప్పటికి చేతిలో కాగితాలుంటాయి, జడ్జిగారు అడిగే మొదటి ప్రశ్నకి జవాబుంటుంది. ఇందులో ఒక్కటి కూడా సిలబస్ బయటిది కాదు. అన్నీ ఆ పిల్లవాడు పాసైన పేపర్లోవే.

నాకు ఇంకో కోపం ఉంది, అది భాష గురించి. పదో తరగతిదాకా ఉర్దూ మీడియం, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఇది నాకు ఎక్కువ కనబడుతుంది. ఈ సబ్జెక్టు ఇంగ్లీషూ లాటినూ కలిసిన గడ్డు వ్యవహారమని పిల్లల్ని మొదటిరోజే భయపెడతారు. అరే భాయ్, తెలుగువాడు సర్కారుతో మాట్లాడే భాష ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. దరఖాస్తు పెడతాం, రసీదు అడుగుతాం, హాజరవుతాం, నకలు తీసుకుంటాం, మంజూరు కోసం ఎదురుచూస్తాం, రద్దు చేస్తే ఫిర్యాదు చేస్తాం. తహసీల్దారు, జిల్లా, దాఖలా, అమలు, జప్తు, వసూలు, సిఫారసు, జవాబుదారీ. గుడివాడలో రైతుకీ, పెడన నేతగాడికీ నోట్లో ఆడే మాటలివి. అరబ్బీ ఫార్సీల నుంచి మన నవాబుల దఫ్తర్ల మీదుగా తెలుగులోకి వచ్చి ఇక్కడే కాపురం పెట్టాయి. మన పిల్లలైతే వీటిని అమ్మీ ఒళ్లోనే విన్నారు. అలాంటి పిల్లవాడికి 'ఆడి ఆల్టరం పార్టెం' అని బోర్డు మీద రాసి మూడుసార్లు చెప్పించే బదులు, "దూస్రే ఫరీఖ్ కీ భీ సునో, అవతలివాడి మాట కూడా విను" అని ఒక్కసారి చెప్తే చాలు కదా. లాటిన్ తర్వాత నేర్పండి, నాకేం అభ్యంతరం లేదు. హైకోర్టులో ఇంగ్లీషు కావాలి, అది కూడా గట్టిగానే నేర్పండి. కానీ అర్థం ముందు, పదం తర్వాత. మన దగ్గర ఉల్టా. పదం ముందొస్తుంది, అర్థం రాకుండానే కోర్సు అయిపోతుంది.

మన కౌమ్‌కి సంబంధించిన ఉదాహరణే కావాలంటే, మన ఇంట్లో అందరి నోటా ఉండే 'నాలుగు శాతం' తీసుకోండి. నాలుగే ఎందుకు, ఐదు ఎందుకు కాదు? ఇంట్లో లా చదివే పిల్లల్ని అడిగి చూడండి. 2004లో ప్రభుత్వం జీవో ఇచ్చింది ఐదు శాతానికే. హైకోర్టు కొట్టేసింది. ఎవరిని వెనకబడిన తరగతుల్లో చేర్చాలో చెప్పడానికి చట్టం ప్రకారం ఒక బీసీ కమిషన్ ఉండగా, దాన్ని అడగకుండానే జీవో ఇచ్చేశారు. అడగాల్సినవాళ్లని అడగకపోతే చేసింది మంచి పనైనా నిలబడదు. అడ్మినిస్ట్రేటివ్ లాలో దీనికొక అధ్యాయమే ఉంది. 2005లో కమిషన్ రిపోర్టు తెచ్చి చట్టం చేశారు, అదీ పోయింది. అప్పటికే ఉన్న రిజర్వేషన్లు బీసీలకి 25, ఎస్సీలకి 15, ఎస్టీలకి 6, మొత్తం 46. ఐదు కలిపితే 51. సుప్రీంకోర్టు గీసిన యాభై గీత దాటుతుంది. 2007లో పి.ఎస్. కృష్ణన్ రిపోర్టు తర్వాత ముస్లిముల్లో 14 గ్రూపుల్ని గుర్తించి, సయ్యద్, మొఘల్, పఠాన్ లాంటివాళ్లని వదిలేసి, నాలుగు శాతంతో కొత్త చట్టం తెచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురి బెంచి దాన్ని కూడా కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాని నీడలోనే ఇన్నేళ్లూ మన పిల్లలు ఇంజినీరింగులో, మెడిసిన్‌లో సీట్లు తెచ్చుకున్నారు.

జల్సాల్లో ఈ కథ జజ్‌బాతీగా చెప్తారు. ఫలానా నాయకుడు ఇచ్చాడు, ఫలానావాళ్లు లాగేసుకున్నారు. అది రాజకీయం, చెప్పుకోనివ్వండి. కానీ కానూను చదివే పిల్లవాడికి ఇదే కథ వేరేలా వినబడాలి. నీయత్ మంచిదైతే సరిపోలేదు. తర్‌తీబ్ తప్పితే హక్కు చేతికొచ్చి కూడా జారిపోయింది. అంకెల వెనక దలీల్ ఉండాలి, సర్వే ఎలా చేశారో చెప్పగలగాలి. ఈ నాలుగు కాగితాలు, 2004, 2005, 2007, 2010, వరుసగా బల్ల మీద పెట్టి ఒక నెల చెప్పినా తక్కువే. ఇంకో సంగతి. బీసీ-ఇ సర్టిఫికెట్ తహసీల్దారు కాదంటే దానికి అప్పీలు దారి ఉందని, కుల ధ్రువపత్రాల మీద 1993లోనే ప్రత్యేక చట్టం వచ్చిందని మన గల్లీల్లో ఎంతమంది లా పట్టభద్రులు చెప్పగలరు? పైరవీకారు దగ్గరికి తీసుకెళ్లడం మాత్రం అందరికీ తెలుసు.

చదువులో ఈ లోతు గురించి నేనేం కొత్తగా కనిపెట్టలేదు. 1976లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మార్టన్, సాల్యో అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకి వ్యాసం ఇచ్చి చదివించి తర్వాత ప్రశ్నలడిగారు. కొందరు రేపు ఏమడుగుతారో అని మాటలు ఏరుకుంటూ చదివారు. కొందరు రాసినాయన ఏం చెప్పదలచుకున్నాడని పట్టుకున్నారు. మొదటిది పైపై చదువు, రెండోది లోతు చదువు అన్నారు. తెలివి తక్కువవాడు పైపైన, తెలివైనవాడు లోతుగా చదువుతాడని మాత్రం అనుకోవద్దు. తనని ఏమడుగుతారని పిల్లవాడు అనుకుంటాడో దాన్నిబట్టి వాడి చదువు మారుతుంది. మాటలు అడిగితే మాటలు మోసుకొస్తాడు, మతలబు అడిగితే మతలబు వెతుక్కుంటాడు. అంటే లగాము పరీక్ష పెట్టేవాడి చేతిలో ఉంది.

మనకి ఇది స్వీడన్ నుంచి రావాలా అని కూడా అడగొచ్చు. దర్సె నిజామీ చదివిన హజ్రత్‌ల దగ్గర కూర్చున్నవాళ్లకి ముతాలా, తక్రార్ అంటే తెలుసు. సబక్‌కి ముందే పాఠం చూసుకుని రావాలి, అది ముతాలా. ఉస్తాద్ చెప్పి వెళ్లాక షాగిర్దులు చుట్టూ కూర్చుని ఒకరికొకరు మళ్లీ చెప్పుకోవాలి, అడ్డు సవాళ్లు వెయ్యాలి, అది తక్రార్. ఇమామ్ అబూ హనీఫా మజ్లిస్‌లో మసలా ఒకటి పెడితే షాగిర్దులు ఆయనతోనే వాదించేవాళ్లు, ఇమామ్ అబూ యూసుఫ్ ఆ మజ్లిస్ మనిషే. ఆ అబూ యూసుఫే ఖలీఫా హారూన్ రషీద్ కోసం 'కితాబుల్ ఖరాజ్' రాశారు. పన్ను ఎలా వసూలు చెయ్యాలి, వసూలు చేసేవాడు రయ్యత్ మీద జులుం చెయ్యకుండా ఎలా చూడాలి అన్న కితాబు. పదకొండో శతాబ్దంలో మావర్దీ రాసిన 'అల్ అహ్‌కామ్ అస్సుల్తానియ్యా'లో మజాలిమ్ గురించి ఒక బాబ్ ఉంది. మజాలిమ్ అంటే అధికారి చేసిన అన్యాయం మీద ఫిర్యాదు వినే అదాలత్. ఇవి చెప్పి "మనవాళ్లు అన్నీ ముందే కనిపెట్టారు" అని ఛాతీ విరుచుకునే రకం కాదు నేను. ఆ ఖలీఫాల దర్బారుల్లో ఎంత జులుం నడిచిందో తారీఖ్ చదివినవాళ్లకి తెలుసు. హాకిమ్‌ని సవాలు చేసే ఇల్మ్ మన ఇంటికి పరాయిది కాదు, అంతే చెప్తున్నా.

లెక్చరర్ దోస్తుల జవాబులు నాకు తెలుసు. ఇంగ్లీషు రాని పిల్లలతో సుప్రీంకోర్టు తీర్పులు ఎలా చదివిస్తాం అంటారు. 2023 నుంచి సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో ముఫ్త్‌గా దొరుకుతున్నాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. అనువాదం గుడ్డిగా ఉందంటే, ఉండొచ్చు, ఆ గుడ్డితనాన్ని సరిదిద్దమనడం కూడా క్లాసులో చేయించదగ్గ పనే. సిలబస్ అవ్వదు, టైము లేదు అంటారు. నాలుగు నిర్వచనాలకి రెండు వారాలు దొరికిన టైము ఒక ఆర్డరు కాపీకి దొరకదా? కొందరు నిజాయితీగా చెప్తారు, "భాయ్, మాకిచ్చే జీతానికి ఇంతే." ఆ మాట దగ్గర నేను తగ్గుతాను. ప్రైవేటు కాలేజీల్లో గంటల లెక్కన చెప్పే లెక్చరర్ల పరిస్థితి నాకు తెలుసు, వాళ్ల మీద మేనేజ్‌మెంట్లు చేసే జులుం మీద ఇంకోసారి రాస్తాను. కానీ ఒక ప్రశ్న మార్చడానికి జీతం అడ్డు కాదు. "సహజ న్యాయ సూత్రాలు వివరించుము" తీసేసి, ఒక పింఛను రద్దు నోటీసు అచ్చేసి, "దీన్ని అందుకున్న ముసలాయన మీ దగ్గరికొచ్చాడు, ఆయన తరఫున అర్జీ రాయండి, తర్వాత అధికారి తరఫున జవాబు కూడా రాయండి" అనండి. రెండు వైపులా రాయించడం ముఖ్యం. అధికారి కుర్చీలో కూర్చుని కారణాలు రాయడం ఎంత కష్టమో తెలిసినవాడికే, కారణాలు లేని కాగితం ఎక్కడ పుచ్చిందో కనబడుతుంది. గైడుల దుకాణం ఒక్క ఏడాదిలో మూతపడుతుంది.

కృష్ణా బస్సుల కేసుని క్లాసులో ఆడించండి. ఒక పిల్ల కార్యదర్శి, ఒకడు ముఖ్యమంత్రి, పదిమంది బస్సులవాళ్లు. కార్యదర్శికి చెప్పుకున్నదంతా ఒక పేజీలో కుదించి ముఖ్యమంత్రికివ్వమనండి. ఏ మాటలు ఆ పేజీలోకి ఎక్కలేదో బస్సులవాళ్లుగా కూర్చున్నవాళ్లే అరిచి చెప్తారు. సుబ్బారావుగారు ఎందుకు కొట్టేశారో అప్పుడు ఎవరూ వివరించక్కర్లేదు. తర్వాత ఒప్పుకోని ఇద్దరు జడ్జీల తరఫున వాదించమనండి. హైకోర్టు నేలపాడులో ఉంది, బెజవాడ నుంచి గంట దారి. రాజధానికి భూములిచ్చిన రైతుల కేసులో 2022 మార్చి 3న తీర్పు వచ్చింది అక్కడే. మన కాలేజీల్లో ఆ రైతుల పిల్లలే చదువుతున్నారు. సర్కారు ఇచ్చిన మాట నుంచి వెనక్కి తగ్గొచ్చా అనే ప్రశ్న వాళ్ల ఇంట్లో రోజూ అన్నం ముందు నడిచింది, క్లాసులో మాత్రం నడవదు.

ఇక మన ఇళ్ల మాట. మన నికా కార్డుల మీద పేరు పక్కన 'బి.ఎ., ఎల్ఎల్.బి.' ఎంత అందంగా అచ్చవుతుందో చూస్తూనే ఉన్నాం. రిష్తాకి పనికొస్తుంది, కాదనను. ఆ అక్షరాల కోసమే పిల్లల్ని హాజరీ అడగని కాలేజీల్లో చేర్పించి, పరీక్షల ముందు గైడు కొనిపెట్టే అబ్బాజాన్‌లు కొందరున్నారు. సీటు కొన్నట్టే చదువూ కొన్నామనుకుంటారు. ఆడపిల్ల లా చదువుతానంటే కోర్టులు మనకెందుకు బేటీ అంటారు. ఆడవాళ్ల పింఛన్లూ, రేషన్ కార్డులూ, అంగన్‌వాడీ గొడవలూ ఎవరితో చెప్పుకోవాలో తెలియక మన ఇళ్లలో అమ్మీలూ నానీలూ తిరుగుతుంటే, ఆ మాట అనడానికి నోరెలా వస్తుందో.

ఈ జూన్‌లో పిల్లల్ని లా కాలేజీలో చేర్చబోయేవాళ్లకి ఒక పని చెప్తాను. ఫీజు కట్టే ముందు అడ్మినిస్ట్రేటివ్ లా పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి అడిగి తీసుకోండి. పక్కపక్కన పరచండి. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, ఏ ప్రశ్న ఎన్నిసార్లు తిరిగొచ్చిందో చూపుడువేలితో లెక్కపెట్టొచ్చు. తర్వాత ప్రిన్సిపాల్ సాబ్‌ని ఒక్కటే అడగండి, "మా పిల్లవాడు మూడేళ్లలో ఎన్ని అసలు ఆర్డరు కాపీలు చదువుతాడు?" అని. ఆయన చెప్పే అంకె రాసుకోండి. పక్కన తారీఖు వేసి, ఆయన సంతకం కూడా అడగండి.